మందుచీటీ మీద 2535

ఇరాన్‌లోని మర్వ్‌దష్త్‌లో నేను రాసిన మొట్టమొదటి మందుచీటీ తిరిగొచ్చింది. మందు తప్పు కాదు, మోతాదు తప్పు కాదు. సంవత్సరం తప్పు. ఇంటి నుంచి తెచ్చుకున్న పాత ఫార్సీ వాచకంలో చూసి, తారీఖు పక్కన బుద్ధిగా 1355 అని వేశాను. దవాఖానా గుమస్తా ఆ చీటీని రెండు వేళ్లతో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టి, "ఖానుమ్ దొక్తొర్, ఇది 2535" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడేమోనని ఆయన ముఖంలోకి చూశాను. అక్కడ ఏమీ కనిపించలేదు. అలా ఏమీ కనిపించనివ్వకపోవడం కూడా ఆ రోజుల్లో ఒక విద్య అని నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

అది 1976 అక్టోబరు చివర. అంతకు ఏడు నెలల ముందు ఇరాన్ పార్లమెంటు ఉభయ సభలూ కూర్చుని దేశ కాలమానాన్ని మార్చేశాయి. అప్పటిదాకా ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వెళ్లిన ఏడాది నుంచి లెక్క. ఇకమీదట కైరస్ చక్రవర్తి గద్దెనెక్కిన నాటి నుంచి లెక్కపెట్టాలన్నారు. 1354 ఆఖరు రోజు రాత్రి పడుకున్న జనం నౌరూజ్ నాడు లేచేసరికి 2535 వచ్చేసింది. ఇందులో ఒక కిటుకు కూడా ఉంది. ఈ లెక్క ప్రకారం మొహమ్మద్ రెజా షా రాజైన 1941వ సంవత్సరం సరిగ్గా 2500 అవుతుంది. అంటే 2535లో సామ్రాజ్యానికి రెండున్నర వేల ఏళ్లు, పైన మిగిలిన ముప్ఫై అయిదూ ఆయనవి. చీటీ రాసిన ప్రతిసారీ డాక్టరు ఆయన పాలనా కాలాన్ని కూడా రాసిపెట్టాలన్నమాట.

తమాషా ఏమిటంటే, వద్దనుకున్న ఆ పాత సౌరమానం కూడా అధికారికమై ఎంతో కాలం కాలేదు. 1925లో, షా తండ్రి రెజా ఖాన్ ఇంకా ప్రధానమంత్రిగా ఉండగా పార్లమెంటు దాన్ని ఖాయం చేసింది. ఇంటిపేరు తప్పనిసరి అన్నదీ ఆ ఏడాదే. కొసాక్ బ్రిగేడులో మామూలు సిపాయిగా మొదలైన మనిషి ఆయన. 1921లో బలగంతో టెహరాన్‌లోకి దిగాడు, నాలుగేళ్లకు కజార్ వంశాన్ని దింపాడు, తనకు పహ్లవీ అని ఇంటిపేరు పెట్టుకున్నాడు, 1926లో కిరీటం ధరించాడు. తండ్రి ప్రజలకు ఇంటిపేర్లు పెట్టాడు. కొడుకు సంవత్సరానికే పేరు మార్చాడు.

ఈ మార్పు రిజిస్టరులో తెచ్చిపెట్టిన గొడవ అంతా ఇంతా కాదు. విరేచనాలతో వచ్చిన ఒక పసివాడు 1354లో పుట్టాడు, దవాఖానాకు వచ్చింది 2535లో. కొత్తగా చేరిన సహాయకుడు ఒకటి లోంచి ఒకటి తీసివేసి వయసు 1181 అని వేశాడు. అది విన్న నానమ్మ పకపకా నవ్వి, "నూహ్ ప్రవక్త కూడా ఇంతకాలం బతకలేదు, నా బిడ్డకు దిష్టి తగులుతుంది, చెరిపేయండి" అంది. దీర్ఘాయువుకు వాళ్లు చెప్పే లెక్క నూహ్ ఆయుర్దాయం. అదీ తొమ్మిది వందల యాభై ఏళ్లే.

మేము అక్కడికి ఎలా చేరామో చెప్పాలి. 1973 చివర్లో చమురు ధర నాలుగింతలైంది. ఇరాన్ దగ్గర డబ్బు పోగుపడింది. పల్లెల్లో ఆసుపత్రులు కట్టగలిగారు కానీ వాటిలో కూర్చునే డాక్టర్లు లేరు. వాళ్ల డాక్టర్లు టెహరాన్ దాటి రారు, దాటితే అమెరికాలో తేలతారు. అందుకని భారతదేశం నుంచి, పాకిస్తాన్ నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి తెప్పించుకున్నారు. గుంటూరులో చదువు ముగించి, ఒక చిన్న ఊళ్లో నెలకు ఇన్ని రూపాయలని సరిపెట్టుకుంటున్న మాకు ఆ జీతం వినగానే కళ్లు తిరిగాయి. మా వారికి షీరాజ్‌లో ఆసుపత్రి, నాకు అక్కడికి నలభై అయిదు కిలోమీటర్ల అవతల మర్వ్‌దష్త్ దవాఖానా. అప్పులు తీర్చుకుని రెండేళ్లలో వచ్చేద్దామనుకున్నాం.

భాష అంత కష్టం అనిపించలేదు. సగం మాటలు మన ఊళ్లోవే. రోజు, తారీఖు, కాగితం, జవాబు, ఖర్చు, హాజరు, పరదా, బజారు. మునసబు కరణాల ఇంట్లో పెరిగిన నాకు కచేరీ ఫార్సీ అమ్మమ్మ ఇంటి భాషలా అనిపించింది. చింతపండు కోసం షీరాజ్ వకీల్ బజారులో సైగలతో నానా తంటాలు పడుతుంటే దుకాణదారు, "అయ్యో, తమ్రె హిందీ అని అడగొద్దూ" అన్నాడు. హిందూదేశపు ఖర్జూరం. మా చింతపండును మాకే పరిచయం చేశాడు. దిగులుగా కూర్చుంటే దవాఖానాలో వాళ్లు "ఏనుగుకు హిందూస్తాన్ గుర్తొచ్చింది" అనేవాళ్లు. అది వాళ్ల సామెత. నన్ను ఏనుగన్నారని మొదటిసారి ఉక్రోషపడ్డాను కూడా.

గుమస్తాను అందరూ మీర్జా అనేవాళ్లు. పేరు ముందు మీర్జా అని ఉంటే రాతగాడు, పేరు తరువాత ఉంటే రాజకుమారుడు. మా మీర్జాకు ముందూ వెనుకా ఏమీ లేదు, ఉత్త మీర్జా. యాభై దాటినవాడు. చక్కెర గడ్డను పళ్ల మధ్య పెట్టుకుని దాని మీదుగా టీ పీల్చేవాడు. ఆ గడ్డను వాళ్లు కంద్ అంటారు. మన కలకండలోని కండకు చుట్టమే. మర్వ్‌దష్త్ ఊరు పెరిగిందే రెజా షా కాలంలో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ. రోజుకు పన్నెండు గ్లాసుల టీ తాగే మీర్జా పళ్లను చూస్తే ఆ ఫ్యాక్టరీ ఎంత బాగా నడుస్తోందో తెలిసేది.

దవాఖానాకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే తఖ్తే జంషీద్. ప్రపంచం పెర్సిపోలిస్ అనే రాతి స్తంభాల నగరం. 1971 అక్టోబరులో షా రెండున్నర వేల ఏళ్ల సంబరం చేసింది అక్కడే. మేము వెళ్లేటప్పటికి అయిదేళ్లు దాటినా ఆ గుడారాలు అలాగే ఉన్నాయి. గుడారాలంటే మన పెళ్లి షామియానాలు కావు. పారిస్ వాళ్లు చేసి తెచ్చి నిలబెట్టినవి, లోపల పడక గదులు, స్నానాల గదులు. చక్రవర్తులూ రాజులూ రాష్ట్రపతులూ వాటిలో బస చేశారు. వంట పారిస్‌లోని మాక్సిమ్స్ వాళ్లది. నెమలిని కూడా వడ్డించారు. మొత్తం విందులో ఇరాన్ సరుకు అంటే కేవియర్ ఒక్కటే అని ఊళ్లో చెప్పుకునేవారు.

మన వి.వి. గిరి గారు కూడా ఆ సంబరానికి వచ్చారు. ఆయన మాతృభాష నాదే అని చెప్పినప్పటి నుంచి మీర్జా నాకు టీలో ఇంకో గడ్డ ఎక్కువ పెట్టించాడు.

మా దవాఖానాకు మాత్రం ఆ సంబరం తేళ్ల రూపంలో గుర్తుండిపోయింది. అతిథులు రాకముందు ఆ చుట్టుపక్కల మైళ్ల మేర మందు చల్లి పాములనూ తేళ్లనూ ఏరేశారట. వేసవిలో తేలు కుట్టి వచ్చిన రైతుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అనేవారు: "రాజులు వెళ్లిపోయారు దొక్తొర్, ఇవి మాత్రం తిరిగొచ్చాయి." పక్కన కొత్తవాళ్లు ఉంటే మాత్రం ఆ మాట అనేవారు కాదు. షా రహస్య పోలీసు సావాక్ పేరు నేను ఆ ఊళ్లో గట్టిగా ఒక్కసారి కూడా వినలేదు. గొంతు తగ్గితే అదే అని తెలుసుకునేదాన్ని.

సంబరం మొదట్లో షా పాసర్‌గాద్‌లో కైరస్ సమాధి ముందు నిలబడి, "కూరోష్, హాయిగా నిద్రపో, మేము మేల్కొనే ఉన్నాం" అన్నాడు. ఆ మాటను దేశమంతా తలా ఒక రకంగా వాడుకుంది. మా దవాఖానాలో రాత్రి డ్యూటీ సహాయకుడు కుర్చీలో కునుకు తీస్తే, పక్కవాడు దుప్పటి కప్పుతూ ఆ వాక్యమే అప్పజెప్పేవాడు.

గోడ మీద మూడు పటాలు. షా, రాణి ఫరా, యువరాజు. షా పటంలో ఆయన ఎటో దూరంగా చూస్తుంటాడు. టెలివిజన్‌లో ఎక్కువ కనిపించేది మాత్రం ప్రధానమంత్రి హొవైదా. కోటు మీద ఆర్కిడ్ పువ్వు, నోట్లో పైపు, చేతిలో కర్ర. అంతకు ముందున్న ప్రధాని మన్సూర్‌ను కాల్చి చంపితే 1965 జనవరిలో పదవిలోకి వచ్చాడు, 1977 ఆగస్టు దాకా ఉన్నాడు. పన్నెండేళ్లకు పైగా ప్రధానమంత్రిగా ఉన్న మనిషి దేనిమీదా గట్టిగా ఏమీ చెప్పినట్టు ఎవరికీ గుర్తులేదు. అదే ఆ పదవికి అర్హత అని మా వారు అనేవారు. నాకు మాత్రం ఆయన చదువుకున్నవాడిలా, కొంచెం దిగులున్న మనిషిలా కనిపించేవాడు. అది పువ్వు వల్ల కలిగిన భ్రమ కావచ్చు.

మేము వెళ్లడానికి ఏడాదిన్నర ముందు, 1975 మార్చిలో, షా ఉన్న పార్టీలన్నీ తీసేసి రస్తాఖీజ్ అని ఒక్క పార్టీ పెట్టాడు. చేరడం ఇష్టం లేనివాళ్లు పాస్‌పోర్టు తీసుకుని దేశం విడిచి వెళ్లవచ్చన్నాడు. దవాఖానాలో అందరూ సంతకం చేశారట. వంటమనిషి వేలిముద్ర వేసింది. మీర్జా కూడా చేశాడు. "సంతకం నా ఉద్యోగం కదా" అన్నాడు.

ఆ మీర్జా గురించి నేను గమనించిన సంగతి ఒకటుంది. రిజిస్టరులో ఆయన రాత ముత్యాల కోవ. రోగి పేరు, ఊరు, జబ్బు, నెల, రోజు అన్నీ నల్ల సిరాతో. సంవత్సరం ఒక్కటి పెన్సిలుతో. మొదట్లో సిరా అయిపోయిందేమో అనుకున్నాను. పేజీలు వెనక్కి తిప్పాను. ఏడాదిలో మొదటి నెల ఫర్వర్దీన్ ఒకటి నుంచి ప్రతి పేజీలోనూ అంతే. "ఇదేమిటి మీర్జా" అని అడిగితే, "చేతికి అలా అలవాటైంది" అన్నాడు. మళ్లీ ఆ ఏమీ లేని ముఖం. తనిఖీకి వచ్చిన అధికారులు లెక్కలు చూశారు, మందుల నిల్వలు చూశారు. అంకె ఏ రంగులో ఉందో ఎవరూ చూడలేదు.

ఆ సంగతి తరువాత ఇద్దరి మధ్యా ఒక తలుపు కొంచెం తెరుచుకుంది. ఒక చలికాలపు మధ్యాహ్నం, అల్లావుద్దీన్ అనే కిరసనాయిలు పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ, తాను యువకుడిగా అబాదాన్ రిఫైనరీలో గుమస్తాగా ఉన్నానని చెప్పాడు. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద రిఫైనరీ అది. ఆంగ్లేయుల కంపెనీ ఇరాన్‌కు కట్టే రాయల్టీ కన్నా తన సొంత ప్రభుత్వానికి కట్టే పన్ను ఎక్కువగా ఉండేది. 1951లో చమురును జాతీయం చేసి, మొసాద్దెగ్ ప్రధానమంత్రి అయ్యాడు. పైజామాలో మంచం మీద పడుకునే రాయబారులతో మాట్లాడేవాడు, పార్లమెంటులో కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. పాశ్చాత్య పత్రికలు నవ్వాయి. "మేము నవ్వలేదు" అన్నాడు మీర్జా. 1953 ఆగస్టు 19న అమెరికా, బ్రిటన్ గూఢచారులు జనరల్ జాహెదీని ముందు పెట్టి మొసాద్దెగ్‌ను దింపారు. అంతకు మూడు రోజుల ముందే బాగ్దాద్‌కు, అక్కడినుంచి రోముకు పారిపోయిన షా తిరిగొచ్చాడు. మొసాద్దెగ్‌కు మూడేళ్ల జైలు, ఆ తరువాత 1967లో చనిపోయేదాకా అహ్మదాబాద్ అనే పల్లెలో గృహనిర్బంధం. ఇవన్నీ చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. పుస్తకాల్లో లేనిదేమిటంటే, మీర్జా ఆ తేదీని చెప్పేటప్పుడు "28 మొర్దాద్" అని మాత్రమే అన్నాడు. సంవత్సరం చెప్పలేదు. చెప్పనక్కరలేదు.

నేను షా పాలనను ఒట్టి చెడ్డదని కొట్టిపారేయలేను. నేను ఆడదాన్ని, ఆడవాళ్ల డాక్టరును. 1963లో ఆయన స్త్రీలకు ఓటు ఇచ్చాడు. 1967లో వచ్చిన కుటుంబ రక్షణ చట్టం వల్ల మగవాడు కోర్టుకు వెళ్లకుండా ఉత్త మాట అనేసి పెళ్లాన్ని వదిలించుకునే దారి మూసుకుపోయింది. 1975లో ఆడపిల్ల పెళ్లి వయసు పద్దెనిమిదికి పెంచారు, పదిహేను దాటితే కోర్టు అనుమతితో చేయవచ్చు. ఆ కారణంగా నా గదికి తల్లులు పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు. "పదిహేను దాటిందని రాసివ్వండి, ఖానుమ్." జనన పత్రంలో ఒక ఏడు, తల్లి నోటి లెక్క మరో ఏడు, పైన ఈ కొత్త శకం. ఒకామె కొత్త శకం లోంచి పాత శకాన్ని తీసి, కూతురికి నిక్షేపంగా పెళ్లీడు వచ్చిందని వాదించింది. ఆ పిల్ల నా స్టెతస్కోపును చెవికి పెట్టుకుని తన గుండె తనే వింటోంది. మోకాళ్ల మీద గీరుకున్న మచ్చలు, చేతిలో కొరికిన దోసకాయ. పన్నెండు మించవు. రాయనన్నాను. తల్లి నన్ను తిట్టలేదు, మా దేశాన్ని తిట్టింది. అయినా ఆ ఏడాది ఆ పెళ్లి ఆగింది.

అయితే ఆ చట్టం మీద చర్చ అనేదే లేదు. పై నుంచి దిగేది. మంచి కూడా ఫర్మానాలాగే దిగేది. దాన్ని తమదని ఎవరూ అనుకోలేదు, కనుక కాపాడుకోవడానికి రోడ్డు మీదికి వచ్చినవాళ్లు కొద్దిమందే అయ్యారు. ఈ మాట ఇప్పుడు అంటున్నాను. అప్పుడు నేనూ పటం కింద కూర్చుని టీ తాగినదాన్నే.

నౌరూజ్ మన ఉగాదికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా వచ్చింది. 1977లో పింగళ నామ సంవత్సరం వాళ్లకు 2536. మా దగ్గర సంవత్సరాలకు అంకెలు కాక పేర్లుంటాయని, అరవై అయ్యాక మళ్లీ మొదటికొస్తాయని చెబితే మీర్జా చాలాసేపు ఆలోచించాడు. "ఏ రాజూ మార్చలేదా?" అన్నాడు. లేదన్నాను. "మరి మీ గుమస్తాలు అదృష్టవంతులు." ఆ శరత్కాలంలోనే షీరాజ్‌లో మా అమ్మాయి పుట్టింది. టీకాల కార్డు మీద పుట్టిన తేదీ నేనే సొంత దస్తూరీతో, నీలం సిరాతో వేశాను. 2536.

ఆ డిసెంబరు 31 రాత్రి అమెరికా అధ్యక్షుడు కార్టర్ టెహరాన్‌లో విందులో నిలబడి, ఇరాన్ అల్లకల్లోల ప్రాంతంలో సుస్థిరతకు ద్వీపం అన్నాడు. వారం తిరిగింది. షాను ఎదిరించిన మతపెద్ద ఖొమేనీని తూలనాడుతూ ఒక పత్రికలో వ్యాసం వచ్చింది, ఖోమ్‌లో విద్యార్థులు వీధిలోకి వచ్చారు, కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్లకు నలభయ్యో రోజు మరో ఊళ్లో ఊరేగింపు, అక్కడ మళ్లీ చావులు, వాళ్లకు మళ్లీ నలభయ్యో రోజు. మన మాసికాల్లాగే తిథి తప్పకుండా. ఖోమ్ తరువాత తబ్రీజ్, తబ్రీజ్ తరువాత యజ్ద్. క్యాలెండరును తనదిగా చేసుకున్నానని షా అనుకున్నాడు కానీ జనం వేరే లెక్క పెట్టుకుంటున్నారు.

1978 ఆగస్టు 19న అబాదాన్‌లో రెక్స్ సినిమా హాలు తలుపులు మూసి ఉండగా తగలబడింది. నాలుగు వందల మందికి పైగా పోయారు. ఆ రోజు 28 మొర్దాద్. మీర్జా చెప్పిన తారీఖుకు సరిగ్గా పాతికేళ్లు. అబాదాన్‌లో ఆయన అక్కగారి కుటుంబం ఉంది. వాళ్లు క్షేమమని కబురు అందేదాకా మూడు రోజులు ఆయన టీ ముట్టలేదు. నిప్పు ఎవరు పెట్టారన్నది తరువాతి సంగతి. ఆ వారం మాత్రం ఊళ్లో అడిగినవాళ్లందరూ ఒకే జవాబు చెప్పారు, అదీ గొంతు తగ్గించకుండా.

వారం తిరిగేసరికి కొత్త ప్రధాని షరీఫ్ ఎమామీ వచ్చాడు. వచ్చిన రోజే చేసిన పనుల్లో ఒకటి, శకాన్ని వెనక్కి తిప్పడం. ఉత్తర్వు మాకు కాస్త ఆలస్యంగా అందింది. మీర్జా దాన్ని చదివి, మడిచి, బల్ల సొరుగులోంచి ఒక కొత్త రబ్బరు ముక్క తీశాడు. కాగితం కూడా విప్పలేదు, ఎప్పుడు కొన్నాడో. మొదటి రిజిస్టరు తెరిచి 2535 ఫర్వర్దీన్ ఒకటి దగ్గర మొదలుపెట్టాడు. చెరపడం, ఊదడం, సిరాతో 1355 వేయడం. రోజుకు ముప్ఫై నలభై పేజీలు. రబ్బరు పొట్టు బల్ల మీద నల్లగా పోగయ్యేది, సాయంత్రం అరచేత్తో ఊడ్చి చెత్తబుట్టలో వేసేవాడు. అయిదు రోజులకు పని అయిపోయింది. నేను సిరాతో రాసిన చీటీలు అప్పటికే జనం ఇళ్లకు వెళ్లిపోయాయి.

సెప్టెంబరు 8న టెహరాన్ జాలే మైదానంలో కాల్పులు. అక్టోబరులో చమురు కార్మికుల సమ్మె. చమురు దేశంలో కిరసనాయిలు కోసం బారులు. నవంబరు 6న షా టెలివిజన్‌లో కనిపించి, మీ విప్లవ స్వరం నేను కూడా విన్నానన్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది. డాక్టరు కన్ను ఊరుకోదు కదా, ఈయన చిక్కిపోయాడు అన్నాను. మా వారు, "దిగులు" అన్నారు. ఆ రోజుల్లోనే హొవైదాను షాయే అరెస్టు చేయించాడు. మొహర్రం రాత్రుల్లో కర్ఫ్యూ ఉన్నా మేడల మీద చీకట్లో "అల్లాహు అక్బర్" అని ఒక మిద్దె అంటే ఇంకో మిద్దె అందుకునేది. మా పక్కింటి ముసలావిడ వణుకుతున్న గొంతుతో రోజూ సరిగ్గా తొమ్మిదింటికి మొదలుపెట్టేది. పాపకు అది జోలపాట అయిపోయింది, వినబడకపోతే నిద్రపోయేది కాదు.

జనవరి 16న షా వెళ్లిపోయాడు. "షా రఫ్త్" అని రెండే మాటలు, పత్రిక మొదటి పేజీ సగం నిండేంత అక్షరాలు. కార్లు లైట్లు వేసుకుని, వైపర్లు ఆడించుకుంటూ తిరిగాయి. మిఠాయి దుకాణదారు పళ్లెంతో రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. ఎవరో నోటులోంచి షా బొమ్మను కత్తెరతో నీట్‌గా తీసేసి, కంత ఉన్న ఆ నోటును దవాఖానా ఫీజుగా ఇచ్చారు. మీర్జా దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "చెల్లదు" అని తిరిగి ఇచ్చేశాడు.

షా జబ్బు సంగతి మాకు అక్కడ ఉండగా తెలియదు. 1979 అక్టోబరులో ఆయన్ను న్యూయార్కు ఆసుపత్రిలో చేర్చినప్పుడు, ఇంటికొచ్చాక, పేపర్లో చదివాం. అసలు వివరాలు చదివేసరికి నాకు ముసలితనం వచ్చేసింది. 1974లోనే ఆయనకు ప్లీహం పెరిగింది. ఫ్రెంచి డాక్టర్లు రహస్యంగా వచ్చి రక్తపు క్యాన్సరు జాతి జబ్బు అని తేల్చారు. కొన్నేళ్లు భార్యకు కూడా తెలియదు. ఇచ్చిన మందు క్లోరాంబ్యూసిల్. ఆ పేరు ఎవరైనా చూస్తే గుట్టు రట్టవుతుందని, ఆ మాత్రలను వేరే మామూలు మందు పేరున్న సీసాలో పోసి ఇచ్చేవారు. ఆయన సేవకుడు నమ్మినబంటు. సీసా ఖాళీ అయితే ఇబ్బంది పడతారని, పైనున్న పేరు చూసి ఆ మందే నిజంగా కొని దండిగా నిల్వ చేశాడు. కొంతకాలం రాజు ఆ ఉత్త మాత్రలే మింగాడు. ప్లీహం మళ్లీ పెరిగింది.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాను. డాక్టర్లు అంత గొప్పవాళ్లు, రోగి అంత గొప్పవాడు, సేవకుడిది తప్పేమీ లేదు. మర్వ్‌దష్త్‌లో ప్లీహం పెరిగిన గొర్రెల కాపరి వచ్చినా నేను చీటీ మీద మందు అసలు పేరే రాశాను. ఏడాది ఒక్కటే తప్పు రాశాను.

ఫిబ్రవరి 11న విప్లవం గెలిచింది. ఆ తరువాత మేము ఇంకో ఆరు నెలలు ఉన్నాం. మీర్జా తన సర్వీసులో మొదటిసారి సెలవు చీటీ పెట్టాడు. మార్చి 5న మొసాద్దెగ్ వర్ధంతికి అహ్మదాబాద్ వెళ్లాలి. తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా బస్సులో వెళ్లొచ్చాడు. బూట్లకు అంటిన మట్టి తుడవకుండా దవాఖానాకు వచ్చి, లక్షల మంది వచ్చారని చెప్పాడు. టెహరాన్‌లో పహ్లవీ రోడ్డుకు మొసాద్దెగ్ పేరు పెట్టారు, ఫార్స్ గవర్నరుగా ఆ పెద్దాయన వకీలునే వేశారు. మీర్జా ముఖంలో మొదటిసారి ఏదో కనిపించింది. ఎంతోకాలం నిలవలేదు. ఆ రోడ్డు పేరు మళ్లీ మార్చారు, ఇప్పుడు దాని పేరు వలీ అస్ర్. తఖ్తే జంషీద్‌ను కూడా కూల్చేయడానికి ఒక మతపెద్ద మనుషులతో వస్తే మర్వ్‌దష్త్ జనం రాళ్లు పట్టుకుని నిలబడ్డారని చెప్పుకున్నారు. గుడారాలను మాత్రం చింపుకుపోయారు. నీలం రంగు పట్టా ముక్క ఒకటి మా వీధిలో టమాటాల బండి మీద నీడకు కట్టారు.

కుటుంబ రక్షణ చట్టాన్ని ఫిబ్రవరి చివర్లోనే పక్కన పెట్టేశారు. ఆ తరువాత వయసు పత్రం కోసం నా దగ్గరికి ఎవరూ రాలేదు. స్టెతస్కోపు పిల్ల ఆ వేసవిలోనే వచ్చింది, కడుపుతో.

ఏప్రిల్ 7న హొవైదాను కాల్చేశారు. పత్రికలో ఫొటో చూసి మా వారు ఏమీ అనలేదు. మరుసటి ఏడాది, మేము తిరిగొచ్చాక, ఇరాన్ మొదటి మహిళా మంత్రి ఫర్రుఖ్‌రూ పార్సాను కూడా కాల్చేశారని రేడియోలో విన్నాను. ఆవిడ చదివింది వైద్యమే. ఆ జులైలోనే షా కైరోలో పోయాడు.

ఆ టీకాల కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో పుట్టిన తేదీ 2536, రెండో వరుసలో 2537, మూడో వరుసలో 1357, నాలుగోది గుంటూరులో వేయించినది, 1979. పోయిన వేసవిలో అమ్మాయి పిల్లలతో వచ్చినప్పుడు మనవడికి ఫార్సీ అంకెలు నేర్పుతూ దాన్ని చూపించాను. వాడికి తొమ్మిదేళ్లు. రెండు, అయిదు, మూడు, ఆరు అని వేలు పెట్టి చదివాడు. కాసేపు పెదవులు కదుపుతూ లెక్క వేసుకున్నాడు.

"అయితే అమ్మమ్మా, అమ్మ పుట్టడానికి ఇంకా అయిదు వందల ఏళ్లుంది కదా" అన్నాడు.